ఊరి చెయ్యి జారిన రేడియో

1979 ఫిబ్రవరిలో బోస్టన్‌లో ఒక రేడియో స్టేషన్ చేతులు మారింది. పేరు డబ్ల్యూబీసీఎన్, ఎఫ్‌ఎం మీద 104.1. ఊళ్లో అందరూ బీసీఎన్ అనేవారు. కొన్నది హెమిస్ఫియర్ బ్రాడ్‌కాస్టింగ్ అనే కంపెనీ. పగ్గాలు అందిన రోజే కొత్త యజమానులు 19 మందిని ఉద్యోగాల్లోంచి తీసేశారు. ఇలాంటి కథలు చాలావరకు అక్కడితో ముగుస్తాయి. తీసేసినవాళ్లు సామాను సర్దుకుని వెళ్లిపోతారు, మిగిలినవాళ్లు తలవంచుకుని పని చేసుకుంటారు. బీసీఎన్‌లో మిగిలినవాళ్లు కూడా మైకులు వదిలి బయటికి నడిచారు. స్టూడియో అప్పట్లో ప్రుడెన్షియల్ టవర్ 50వ అంతస్తులో ఉండేది. బోస్టన్ ఫిబ్రవరి చలి ఎముకలు కొరుకుతుంది. ఆ చలిలో, ఆ టవర్ కింద, నిన్నటిదాకా ఊరికి పాటలు వినిపించినవాళ్లు అట్టలు పట్టుకుని నిలబడ్డారు.

ఊరు వాళ్ల పక్కన నిలబడింది. శ్రోతలు స్టేషన్ వినడం మానేశారు. ప్రకటనలిచ్చే షాపులవాళ్లు వెనక్కి తగ్గారు. ఊళ్లో బ్యాండ్లు సమ్మె కోసం కచేరీలు చేశాయి. మూడు వారాలు దాటాక యజమానులు దిగొచ్చారు. తీసేసిన 19 మందినీ తిరిగి తీసుకున్నారు.

ముప్ఫై ఏళ్లకు, 2009 జులైలో, అదే బీసీఎన్‌ను 104.1 మీద నుంచి తీసేస్తున్నామని సీబీఎస్ రేడియో ప్రకటించింది. ఈసారి కూడా ఊరు బాధపడింది. పాత ఉద్యోగులు, పాత శ్రోతలు ఫోన్లు చేసుకుని ఏడ్చారు. కానీ ఎవరూ చలిలో నిలబడలేదు, ఏ షాపూ ప్రకటన వెనక్కి తీసుకోలేదు. 1979లో ఊరి చేతిలో పట్టు ఉండేది. మధ్యలో ఆ పట్టు ఎలా సడలిపోయిందో చెప్పుకోకుండా ఇలాంటి స్టేషన్ల చావు గురించి మాట్లాడటం నాకు అన్యాయం అనిపిస్తుంది. పాటలు వినేవాళ్లు తగ్గారు, ఇంటర్నెట్ వచ్చింది, కాలం మారింది అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు. అది నిజమే, కాకపోతే సగమే.

బీసీఎన్ అనే అక్షరాల వెనక ఉన్నది బోస్టన్ కాన్సర్ట్ నెట్‌వర్క్. మొదట్లో అది పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వేసే స్టేషన్. టి. మిచెల్ హేస్టింగ్స్ అనే ఇంజినీరు దాని యజమాని. ఎఫ్‌ఎం మీద ఆయనకు ఉన్న నమ్మకం గొప్పదే గానీ, ఆదాయం లేదు. 1968 నాటికి స్టేషన్ ఇబ్బందుల్లో పడింది. అప్పుడు రే రీపెన్ అనే ఆయన వచ్చారు. కాన్సాస్ సిటీ నుంచి వచ్చిన లాయరు. బోస్టన్‌లో 'టీ పార్టీ' అనే కచేరీ హాలు నడిపేవారు. ఆయన ఒక సంగతి గమనించారు. ఊరినిండా కాలేజీలు. ఆ పిల్లలు ఎగబడి కొంటున్న రికార్డులేవీ రేడియోలో రావడం లేదు. అప్పట్లో రాక్ సంగీతం అంటే ఏఎం స్టేషన్లు. మూడేసి నిమిషాల హిట్ పాటలు, మధ్యలో అరుపులు, జింగిల్స్. రీపెన్ వెళ్లి హేస్టింగ్స్‌ని ఒప్పించారు. రాత్రిపూట ఎలాగూ వినేవాళ్లు లేరు, ఆ గంటలు మాకివ్వండి అని.

1968 మార్చి 15 రాత్రి మొదలైంది. మొదట మైకు పట్టుకున్నాయన అసలు పేరు జో రోజర్స్. గాలిలో చెప్పుకున్న పేరు మిసిసిపీ హెరాల్డ్ విల్సన్. మొదటి పాట క్రీమ్ బ్యాండ్ 'ఐ ఫీల్ ఫ్రీ'. తర్వాత 'జె. గైల్స్ బ్యాండ్' గాయకుడిగా పేరు తెచ్చుకున్న పీటర్ వుల్ఫ్ ఆ తొలి రోజుల్లో అర్ధరాత్రి డీజే. కొంతకాలం ఆ ప్రసారాలు టీ పార్టీ హాలు వెనక గదిలోంచే సాగాయి. కొద్ది నెలలకే రాత్రి గంటలు పగటిని కూడా ఆక్రమించాయి, శాస్త్రీయ సంగీతం వెళ్లిపోయింది. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. బీసీఎన్ పుట్టిందే మరొకరి సంగీతాన్ని పక్కకు నెట్టి. ఆ పాత శ్రోతల బాధ కూడా బాధే. దాన్ని ఎవరూ పుస్తకాలుగా రాయలేదు, అంతే.

ఆ స్టేషన్‌లో ఏ పాట వేయాలో పైనుంచి జాబితా వచ్చేది కాదు. డీజే తన సంచిలో రికార్డులు తెచ్చుకునేవాడు. బ్లూస్ తర్వాత ఒక జాజ్ ముక్క, దాని తర్వాత పదిహేను నిమిషాల గిటారు, ఆ వెనక ఒక జానపదం. ఒక పాట చివరి స్వరం నుంచి తర్వాతి పాట మొదటి స్వరంలోకి ఎలా జారాలో అక్కడికక్కడే నిర్ణయం. పాటలతో పాటు 'లిజనర్ లైన్' అని ఒక ఫోన్ ఉండేది. వాలంటీర్లు ఎత్తేవారు. ఏ ప్రశ్నయినా అడగొచ్చు. తప్పిపోయిన పిల్లి, న్యూయార్క్ వెళ్లే కారులో ఖాళీ సీటు, అర్ధరాత్రి ఉన్నట్టుండి ఎవరితోనైనా మాట్లాడాలనిపించే దిగులు, అన్నీ ఆ ఫోన్‌కే. పద్నాలుగేళ్ల కుర్రాడు ఒకరు అక్కడ ఫోన్లెత్తడానికి చేరారు, బిల్ లిక్టెన్‌స్టైన్. ఆయన పేరు మళ్లీ వస్తుంది. వార్తలు చెప్పే డ్యానీ షెక్టర్ తనను తాను 'న్యూస్ డిసెక్టర్' అని పిలుచుకునేవారు. వియత్నాం యుద్ధం రోజుల్లో ఆయన చేసింది వార్తలు చదవడం కన్నా వార్తల్ని కోసి లోపలేముందో చూపించడం. పొద్దున్నే చార్లెస్ లాక్విడారా కార్యక్రమం 'బిగ్ మ్యాట్రెస్' వచ్చేది.

మన దగ్గర రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అని న్యాయపతి దంపతుల్ని పిలుచుకున్న తరానికి ఈ బంధం గురించి విడమర్చి చెప్పక్కర్లేదు. ఎన్నడూ చూడని మనిషి గొంతు ఇంట్లో మనిషి గొంతు అయిపోతుంది. బీసీఎన్‌కీ బోస్టన్‌కీ ఉన్నది అదే. 1979లో ఆ 19 మందిని తీసేసినప్పుడు ఊరికి కోపం వచ్చిందంటే, ఇంట్లో మనుషుల్ని బయటికి నెట్టారన్న కోపమది.

ఇలాంటి స్టేషన్ ఉంటే ఏం జరుగుతుందో ఒక్క ఉదాహరణ చెప్తాను. 1977లో మ్యాక్సాన్ సార్టోరి అనే డీజే చేతికి ఒక టేపు వచ్చింది. ఆ ఊరి బ్యాండే, రికార్డు కంపెనీ లేదు, ఆల్బం లేదు. డెమో టేపు. ఆమె దాన్ని ప్రసారం చేశారు. శ్రోతలు మళ్లీ అడిగారు, ఆమె మళ్లీ వేశారు. ఆ బ్యాండు 'ది కార్స్', పాట 'జస్ట్ వాట్ ఐ నీడెడ్'. ఎలెక్ట్రా కంపెనీ వాళ్లతో ఒప్పందం చేసుకుంది, 1978లో మొదటి ఆల్బం వచ్చింది, ఆ తర్వాత దేశమంతా విన్నది. ఈ వరుసలో మొదటి మెట్టు చూడండి. ఒక మనిషి ఒక టేపు వింది, బాగుందనుకుంది, వేసింది. ఎవరినీ అడగక్కర్లేదు. ఆ తర్వాతి ముప్ఫై ఏళ్లలో రేడియోలోంచి ముందుగా మాయమైంది ఆ అడగక్కర్లేకపోవడమే.

అదే కాలంలో చార్లెస్ నది అవతల, ఎంఐటీ విద్యార్థుల చిన్న స్టేషన్‌లో, ఈడిపస్ అనే పేరు పెట్టుకున్న యువకుడు పంక్ రాక్ కార్యక్రమం చేసేవారు. అమెరికాలో మొదటి పంక్ రేడియో కార్యక్రమం అదేనని చెబుతారు. ఆ విద్యార్థి స్టేషన్ అక్షరాలు డబ్ల్యూటీబీఎస్. అట్లాంటాలో టెడ్ టర్నర్‌కు తన టీవీ చానల్ కోసం ఆ అక్షరాలు కావలసి వచ్చి 50,000 డాలర్లిచ్చి తీసుకున్నారు. పిల్లలు ఆ డబ్బుతో పరికరాలు మెరుగుపరచుకుని డబ్ల్యూఎంబీఆర్ అని పేరు మార్చుకున్నారు. ఈడిపస్ బీసీఎన్‌కు వచ్చి 1981లో ప్రోగ్రాం డైరెక్టర్ అయ్యారు, 2004 దాకా ఉన్నారు. ఏటా ఊరి కొత్త బ్యాండ్లకు బీసీఎన్ 'రాక్ అండ్ రోల్ రంబుల్' అనే పోటీ పెట్టేది. 1983లో 'టిల్ ట్యూస్‌డే' గెలిచింది, 2003లో 'డ్రెస్డెన్ డాల్స్'.

1983 ఏప్రిల్‌లో రెండో స్టేషన్ వచ్చింది. డబ్ల్యూఎఫ్‌ఎన్‌ఎక్స్, 101.7. స్టీఫెన్ మిండిచ్ అనే ఆయన 'బోస్టన్ ఫీనిక్స్' అనే వారపత్రిక యజమాని. బోస్టన్‌కు ఉత్తరాన లిన్ అనే ఊళ్లో ఉన్న చిన్న స్టేషన్‌ను కొని దానికి పత్రిక పేరు తగిలించారు. సిగ్నల్ చాలా బలహీనం. ఊళ్లో కొన్ని పేటల్లో వినపడేది, కొన్నిటిలో గరగర. అయినా పిల్లలు యాంటెన్నా తిప్పుకుంటూ విన్నారు. ఎందుకంటే బీసీఎన్ కూడా అప్పటికి పెద్దదైపోయింది, బరువెక్కింది. కొత్తగా ఇంగ్లండు నుంచి వచ్చే వింత గొంతులకు, కాలేజీ గదుల్లో పుట్టే బ్యాండ్లకు ఈ చిన్న స్టేషనే చోటిచ్చింది. మొదట వేసిన పాట 'ది క్యూర్' బ్యాండ్ 'లెట్స్ గో టు బెడ్'. ఆ పాటను గుర్తు పెట్టుకోండి.

1991 సెప్టెంబర్ 23న ఎఫ్‌ఎన్‌ఎక్స్ తన పుట్టినరోజు కచేరీ పెట్టుకుంది. ఫెన్‌వే పార్క్ బేస్‌బాల్ మైదానం వెనక ల్యాన్స్‌డౌన్ వీధి. అక్కడ యాక్సిస్ అనే క్లబ్. ఆ రాత్రి వాయించినవాళ్లు 'బుల్లెట్ లవోల్టా', 'స్మాషింగ్ పంప్‌కిన్స్', 'నిర్వాణ'. మర్నాడు నిర్వాణ 'నెవర్‌మైండ్' ఆల్బం విడుదలైంది. జనవరికల్లా అది బిల్‌బోర్డ్ పట్టికలో మైకేల్ జాక్సన్‌ను దించి మొదటి స్థానానికి వెళ్లింది. ఒక స్టేషన్ పుట్టినరోజుకు ఆ ముందురోజు వాళ్లు ఒక క్లబ్బులో వాయించారంటే, ఎఫ్‌ఎన్‌ఎక్స్ చెవులు ఎంత ముందుండేవో తెలుస్తుంది. మూడేళ్లకు, 1994 సెప్టెంబర్ 9న, చార్లెస్ నది ఒడ్డున హ్యాచ్ షెల్ వేదిక మీద 'గ్రీన్ డే'తో ఉచిత కచేరీ పెట్టారు. కాస్త జనం వస్తారనుకున్నారు. డెబ్బై వేల దాకా వచ్చారు. తోపులాట, సీసాలు, అరెస్టులు. కచేరీ మధ్యలో ఆపేశారు.

ఆ రోజున నది ఒడ్డున ఉన్న జనాన్ని చూసినవాళ్లెవరైనా ఈ సంగీతానికి ఇక తిరుగులేదు అనుకుని ఉంటారు. పతనం మొదలైంది కూడా అక్కడినుంచే. డెబ్బై వేల మంది కనపడిన చోట డబ్బు కనపడుతుంది. దేశంలో ప్రతి పెద్ద నగరంలోనూ ఈ రకం రాక్ వేసే ఒక 'ఆల్టర్నేటివ్' స్టేషన్ వెలిసింది. 1995లో బీసీఎన్ కూడా ఎఫ్‌ఎన్‌ఎక్స్ దారి పట్టింది, పెద్ద సిగ్నల్‌తో, పెద్ద డబ్బుతో. 1996 ఏప్రిల్‌లో న్యూయార్క్ నుంచి వచ్చే హోవర్డ్ స్టెర్న్ మాటల కార్యక్రమాన్ని పొద్దుటి గంటల్లోకి తెచ్చారు. లాక్విడారా మరో స్టేషన్‌కు వెళ్లిపోయారు. బోస్టన్‌లో పొద్దున్నే బోస్టన్‌ను నిద్ర లేపే గొంతు న్యూయార్క్‌ది అయింది. స్టేషన్ ఇంకా బతికే ఉంది, ఇంకా పదమూడేళ్లు బతికింది. నా మటుకు నాకు ఆ ఏప్రిల్‌లోనే అది సగం పోయింది.

ఇప్పుడు పట్టు సడలిన సంగతి. అమెరికాలో గాలి తరంగాలు ప్రజల సొత్తు. లైసెన్సు తీసుకున్నవాడు ప్రజా ప్రయోజనానికి కట్టుబడి వాడుకోవాలని 1934 చట్టం చెబుతుంది. 1970ల్లో శ్రోతల సంఘాలు ఆ మాటను పట్టుకుని కొట్లాడాయి. మా ఊళ్లో ఈ రకం సంగీతం వేసే ఒకే ఒక్క స్టేషన్‌ను మార్చేస్తుంటే ప్రభుత్వం విచారణ జరపాలి కదా అని. న్యూయార్క్‌లో డబ్ల్యూఎన్‌సీఎన్ అనే శాస్త్రీయ సంగీత స్టేషన్‌ను 1974లో రాక్‌కు మారిస్తే శ్రోతలు పోరాడి మరుసటి ఏడాది వెనక్కి తెచ్చుకున్నారు. ఆ శ్రోతల సంఘం పేరు మీదే ఒక కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1981లో తీర్పు వచ్చింది. ఏ సంగీతం వేయాలన్నది మార్కెట్‌కు వదిలేయడం తప్పేమీ కాదని, ఏడుగురు న్యాయమూర్తులు ఒకవైపు, ఇద్దరు మరోవైపు. ఆ రోజుతో శ్రోత చేతిలో ఉన్న చట్టం పోయింది. బోస్టన్ సమ్మె గెలిచి అప్పటికి రెండేళ్లే.

తర్వాత 1996 ఫిబ్రవరిలో క్లింటన్ సంతకం పెట్టిన టెలికమ్యూనికేషన్స్ చట్టం. అంతకుముందు ఒక కంపెనీకి దేశం మొత్తం మీద 20 ఏఎం, 20 ఎఫ్‌ఎం స్టేషన్లకు మించి ఉండకూడదు. ఆ పరిమితి ఎత్తేశారు. పెద్ద నగరంలో ఒకరికే ఎనిమిది దాకా ఉండొచ్చన్నారు. క్లియర్ చానల్ అనే కంపెనీ కొన్నేళ్లలో సుమారు 1,200 స్టేషన్లకు యజమాని అయింది. 1979లో బీసీఎన్‌ను కొన్న హెమిస్ఫియర్ ఆ తర్వాత ఇన్ఫినిటీ అని పేరు పెట్టుకుని పెరిగి, 1996లోనే సీబీఎస్ యజమాని వెస్టింగ్‌హౌస్‌లో కలిసిపోయింది. కొనుగోళ్లన్నీ అప్పులతో. ఆ అప్పుకు వడ్డీ ప్రతి స్టేషనూ సంపాదించాలి. పాత ఇంటికన్నా అది ఉన్న జాగా ధర పెరిగినప్పుడు ఆ ఇంటికి రోజులు దగ్గర పడ్డాయని మన నగరాల్లో అందరికీ తెలుసు. స్టేషన్లకూ అదే గతి పట్టింది. 104.1 అనే చోటుకు ధర, అక్కడ వినిపించే గొంతుకు కాదు.

కొలిచే పద్ధతి కూడా మారింది. అంతకుముందు ఆర్బిట్రాన్ సంస్థ కొన్ని ఇళ్లకు డైరీలు పంపేది. ఏ స్టేషన్ విన్నారో గుర్తు తెచ్చుకుని రాయాలి. మనసుకు దగ్గరైన స్టేషన్ పేరు ముందు గుర్తొస్తుంది. 2000ల చివర్లో ఒక్కో నగరంలో డైరీలు పోయి చిన్న మీటర్లు వచ్చాయి. నడుముకు తగిలించుకుంటే చాలు, చెవికి వినపడని సంకేతాన్ని పసిగట్టి ఎక్కడ ఏ స్టేషన్ మోగినా లెక్క రాసుకుంటుంది. షాపులో, దంతవైద్యుడి గదిలో మోగే మెత్తటి పాటల స్టేషన్లు ఒక్కసారిగా పెద్దవైపోయాయి. ఒక్క పాట కోసం ఎదురుచూస్తూ విన్న మనిషి, వింటున్నానన్న ధ్యాసే లేకుండా విన్న మనిషి ఆ మీటరుకు ఒక్కటే. ఇష్టం ఎంతో కొలిచే గడి అందులో లేదు.

ఇక ఒక్కో నగరంలో ఒక్కో దీపం ఆరింది. వాషింగ్టన్ ప్రాంతపు డబ్ల్యూహెచ్‌ఎఫ్‌ఎస్ 2005 జనవరి 12 మధ్యాహ్నం ముందుమాట లేకుండా 'ఎల్ జోల్' అనే స్పానిష్ స్టేషన్‌గా మారింది. కచేరీల రోజుల్లో ఆర్‌ఎఫ్‌కే స్టేడియం నింపిన స్టేషన్ అది. ఆ మార్పును తిట్టడానికి నాకు నోరు రాదు. వాషింగ్టన్ చుట్టుపక్కల ఎంతోమంది సాల్వడార్ కార్మికులకు తమ భాషలో ఒక గొంతు కావాలి, అది న్యాయమైన కోరిక. ఒకే యజమాని చేతిలో ఊళ్లో అన్ని స్టేషన్లున్నప్పుడు, వాళ్లకు చోటివ్వడానికి వీళ్లనే ఎందుకు లేపాలన్నదే ప్రశ్న. లాస్ ఏంజెలిస్‌లో 'ఇండీ 103.1' 2009 జనవరిలో పోయింది. 'సెక్స్ పిస్టల్స్' గిటారిస్ట్ స్టీవ్ జోన్స్ తన ఇష్టమొచ్చిన రికార్డులు తెచ్చి వేసుకునేవారక్కడ. పెద్ద నగరంలో, వ్యాపార స్టేషన్‌లో, అలాంటి స్వేచ్ఛ అదే ఆఖరేమో. షికాగోలో క్యూ101 2011లో వార్తల స్టేషన్ అయింది, ఆ వార్తల స్టేషన్ ఏడాది చుట్టూ తిరగ్గానే చేతులెత్తేసింది.

బీసీఎన్ చివరి రోజులు 2009 ఆగస్టు. సీబీఎస్ లెక్క సూటిగా ఉంది. బోస్టన్‌లో ఆటల పిచ్చి ఎక్కువ, 98.5 మీద క్రీడల స్టేషన్ పెట్టాలి. 98.5లో ఉన్న పాప్ స్టేషన్‌ను 104.1కి జరపాలి. 104.1లో ఉన్నది పోవాలి. వెళ్లిపోయే ముందు పాతవాళ్లను పిలిచారు. ఎప్పుడో వెళ్లిపోయిన డీజేలు తిరిగొచ్చి మైకు ముందు కూర్చుని, నలభై ఒక్క ఏళ్ల కథలు చెప్పుకున్నారు, ఇష్టమైనవి వేసుకున్నారు. అంటే చావుకు ముందు నాలుగు రోజులు ఆ స్టేషన్ మళ్లీ 1968లాగా మోగింది. అది విన్నవాళ్లకు ఎంత సంతోషమో అంత కడుపుకోత. ఇలా ఉండటం సాధ్యమేనని చూపించి మరీ తీసుకుపోయారు. ఆఖరి పాట పింక్ ఫ్లాయిడ్ 'షైన్ ఆన్ యూ క్రేజీ డైమండ్'. ఆ క్రీడల స్టేషన్ బాగా నడిచింది, ఇప్పటికీ నడుస్తోంది. వ్యాపారంగా సీబీఎస్ నిర్ణయం తప్పని ఎవరూ అనలేరు. డబ్ల్యూబీసీఎన్ అన్న అక్షరాలు మాత్రం ఇంకెవరూ తీసుకోకుండా కంపెనీ తనకున్న మరో స్టేషన్‌కు తగిలించింది. బోస్టన్ కాన్సర్ట్ నెట్‌వర్క్ అక్షరాలు నార్త్ కరోలినాలో, షార్లెట్ నగరంలో, ఒక ఏఎం స్టేషన్ తలుపు మీదకు చేరాయి.

ఎఫ్‌ఎన్‌ఎక్స్ ఇంకో మూడేళ్లు నిలబడింది. సొంత యజమాని, ఊళ్లో మనిషి, కాబట్టే అన్నేళ్లు. కానీ ఆయన పత్రికే నష్టాల్లో ఉంది. వార్తాపత్రికల ప్రకటనలు ఇంటర్నెట్‌కు పోయాయి, పత్రిక మునిగితే దాని పక్కన కట్టిన పడవా మునుగుతుంది. 2012 మేలో మిండిచ్ స్టేషన్‌ను క్లియర్ చానల్‌కు 1.45 కోట్ల డాలర్లకు అమ్మారు. ఆ డబ్బూ పత్రికను కాపాడలేదు. 2013 మార్చిలో ఫీనిక్స్ ఆఖరి సంచిక వచ్చింది. అమ్మకం జరిగిన 2012 జులైలోనే డీజేలు మైకు ముందు వీడ్కోలు చెప్పి 'ది క్యూర్' పాట వేశారు. 1983లో ఏ పాటతో మొదలుపెట్టారో అదే.

ఆ తర్వాత 101.7 మీద ఏం జరిగిందో చెప్పి తీరాలి. ఎందుకంటే ఇంత తీసేసి ఏం తెచ్చారన్న ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. 'ది హార్బర్' అని పాత హిట్ పాటల స్టేషన్ పెట్టారు. అయిదు నెలలకే అది పోయి 'ఎవల్యూషన్' అనే డాన్స్ సంగీతం. 2014లో అదీ పోయి 'ది బుల్' అనే కంట్రీ సంగీతం. ఇరవై తొమ్మిదేళ్లు ఒకే మనసుతో నడిచిన చోట రెండేళ్లలో మూడు బోర్డులు.

ఇంకో సంగతి. ఎఫ్‌ఎన్‌ఎక్స్‌ను కొన్న క్లియర్ చానల్ టెక్సస్ కంపెనీ. దాన్ని 2008లో అప్పులు చేసి కొన్నవి బెయిన్ క్యాపిటల్, థామస్ హెచ్. లీ పార్ట్‌నర్స్ అనే రెండు పెట్టుబడి సంస్థలు. రెండూ బోస్టన్‌వే. అంటే అసలు యజమానులు అదే ఊరివాళ్లు. దూరం మైళ్లలో లేదు. 1979లో యజమాని ఎవరో ఊరికి తెలుసు, అతను అమ్మేది వాళ్లకే. 2012 నాటి యజమానులకు స్టేషన్ అంటే వేలకోట్ల లెక్కలో ఒక వరుస, శ్రోతకు వాళ్ల పేర్లు కూడా తెలియవు. 2018లో ఆ కంపెనీ, అప్పటికి ఐహార్ట్‌మీడియా, 2,000 కోట్ల డాలర్లకు పైగా అప్పుతో దివాలా కోర్టుకు వెళ్లింది. నిర్వాణ వాయించిన యాక్సిస్ క్లబ్ కూడా పోయింది. దాన్నీ పక్కనున్న అవలాన్ క్లబ్‌నూ కూల్చిన చోట 2009లో హౌస్ ఆఫ్ బ్లూస్ అనే కచేరీ హాలు వచ్చింది. అది లైవ్ నేషన్‌ది. లైవ్ నేషన్ 2005లో క్లియర్ చానల్ లోంచే విడిపోయిన కంపెనీ.

శ్రోతల తప్పు లేదా అంటే, ఉంది. నది ఒడ్డుకు వచ్చిన ఆ డెబ్బై వేల మందిలో చాలామంది అయిదారేళ్లకు పాటలు దించుకోవడం నేర్చారు, 2001లో వచ్చిన ఐపాడ్ కొన్నారు, తర్వాత ఫోన్‌లో స్ట్రీమింగ్ పెట్టుకున్నారు. కారులో స్టేషన్ మార్చే చెయ్యి ఒక్కటే మిగిలింది, స్టేషన్ కోసం వీధిలో నిలబడే కాళ్లు పోయాయి. తనకేం కావాలో తనే ఎంచుకునే సుఖం తక్కువదని నేననను. కానీ ఊళ్లో అందరూ ఒకే నిమిషంలో, ఎవరూ అడగని ఒక కొత్త పాట విని, మర్నాడు దాని గురించి మాట్లాడుకునే వీలు ఆ సుఖంలో లేదు. న్యూయార్క్‌లో 92.3 మీద 2017లో ఆల్టర్నేటివ్ రాక్ తిరిగొచ్చింది, 2022 అక్టోబర్‌లో అదే చోట ఏఎం వార్తా చానల్‌ను ఎఫ్‌ఎంలో కూడా వినిపించడానికి దాన్ని తీసేశారు. కోటికి దగ్గర్లో జనం ఉన్న నగరంలో ఆ సంగీతానికి ఒక్క వ్యాపార స్టేషన్‌కు సరిపడా చోటు లేదన్నారు.

ఎఫ్‌ఎన్‌ఎక్స్ వాళ్లలో కొందరు 2012 ఆగస్టులోనే 'బోస్టన్ గ్లోబ్' వాళ్ల వెబ్‌సైటులో రేడియోబీడీసీ అనే ఇంటర్నెట్ రేడియో మొదలుపెట్టారు. అవే గొంతులు, అవే పాటలు, కొన్నేళ్లు నడిచింది. లిజనర్ లైన్‌లో ఫోన్లెత్తిన బిల్ లిక్టెన్‌స్టైన్ పెద్దయ్యాక బీసీఎన్ మీద డాక్యుమెంటరీ తీయడానికి పూనుకున్నారు. శ్రోతల్ని అడిగారు. ఇళ్లలో రికార్డు చేసుకున్న టేపులు, ఫొటోలు, కరపత్రాలు వేల సంఖ్యలో వచ్చాయి. 2019లో సినిమా వచ్చింది. ఎంఐటీ విద్యార్థుల డబ్ల్యూఎంబీఆర్ 88.1 మీద ఇంకా ఉంది. విద్యార్థులతో పాటు ఊళ్లోవాళ్లు కూడా జీతం లేకుండా వచ్చి తమ ఇష్టమైనవి వేస్తారు. దానికి అమ్మడానికి ప్రకటనలు లేవు, కాబట్టి కొనడానికి ఎవరూ రాలేదు.

104.1, 101.7 లైసెన్సులు ఎనిమిదేళ్లకోసారి పునరుద్ధరణకు వస్తాయి. అప్పుడు బోస్టన్ పౌరులెవరైనా ప్రభుత్వానికి అభ్యంతరం రాసి పంపొచ్చు, ఆ హక్కు ఇంకా ఉంది. అందులో అన్ని సంగతులూ రాయొచ్చు. ఈ స్టేషన్ మా ఊరి పాట వేయడం మానేసింది అని రాస్తే మాత్రం, 1981 తీర్పు చూపించి, ఆ ఒక్క ఫిర్యాదునూ పక్కన పెడతారు.